నేను కడిగిన ఖైమా

ఐర్లాండ్‌లో లీక్స్‌లిప్ చుట్టుపక్కల ఉండే మన తెలుగు కుటుంబాల్లో మా ఇంటి గురించి ఒక మాట తిరుగుతోంది. నాలుగేళ్ళ క్రితం మా అమ్మాయి గొడ్డు మాంసం వండి స్నేహితురాళ్ళకు పెట్టిందని, అది సరిగా ఉడక్క తిన్నవాళ్ళు జబ్బు పడ్డారని. తినని వాళ్ళకు వండటం ఎలా తెలుస్తుందని కొందరు, ముట్టుకోకూడనిది ముట్టుకుంటే ఇంతేనని మరికొందరు దానికి తోక తగిలించారు. వండి పెట్టడం, జబ్బు పడటం, అందులో ఈ రెండే నిజం. మిగతాదంతా తప్పని నాకు ఆ వారంలోనే తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. ఇప్పుడు విప్పుతున్నాను.

అప్పటికి అమ్మాయికి పదహారేళ్ళు. ఊళ్ళో క్లబ్బు తరఫున ఇక్కడివాళ్ళ ఆట గేలిక్ ఫుట్‌బాల్ ఆడేది. ఆ జట్టులో ఒక ఆనవాయితీ ఉంది. ఫైనల్‌కు రెండు మూడు రోజుల ముందు ఎవరో ఒక అమ్మాయి ఇంట్లో అందరూ చేరి పాస్తా తింటారు. పరుగెత్తడానికి బలం వస్తుందని చెప్పుకుంటారు గానీ అసలు పని కబుర్లు. వండేది ఎక్కడైనా ఒకటే, బీఫ్ ఖైమాతో టమాటా సాస్, పైన చీజ్. మూడేళ్ళపాటు మా అమ్మాయి అందరి ఇళ్ళకూ వెళ్ళింది. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఆ ఇంటి తల్లి దీని కోసం మాంసం కలపని సాస్ చిన్న గిన్నెలో వేరుగా చేసి ఉంచేది. ఈసారి మన ఇంట్లో పెడతానని మా అమ్మాయి వాళ్ళకు మాట ఇచ్చి వచ్చింది.

మా ఆవిడ వెంటనే చికెన్ కూర, పలావు అని లెక్కలు వేసుకుంది. అమ్మాయి ఒప్పుకోలేదు. తను తెలుగు బాగానే అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే చెబుతుంది. ఇక్కడ నేను తెలుగులో రాస్తున్నాను.

"వాళ్ళందరూ వాళ్ళు తినని వంట నా కోసం చేశారమ్మా. ఇప్పుడు నేను తినని వంట వాళ్ళ కోసం చేస్తాను. అంతే."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.  మర్నాడు మా ఆవిడే షరతులు పెట్టింది. కొత్త బాణలి, కొత్త గరిటె, తరగడానికి కొత్త చెక్క, పని కాగానే అన్నీ గరాజ్‌లోకి. మా దేవుడి పటాలు వంటింట్లో ఒక ప్రెస్‌లో ఉంటాయి. ఇక్కడ అలమరాను ప్రెస్ అనే అంటారు, మాకూ అదే అలవాటైపోయింది. ఆ పటాలను ఆ ఒక్కరోజుకు మేడ మీది గదికి మారుస్తానంది. "దేవుళ్ళకు ఒకరోజు సెలవు, నాకెప్పుడిస్తారో," అని నవ్వింది కూడా.

ఆ తర్వాత పది రోజులు మా అమ్మాయి చేసిన పని గురించి నేను చాలామందికి చెప్పి ఉండాల్సింది.

తను గొడ్డు మాంసం తినదు. రుచి చూసి ఉడికిందో లేదో చెప్పలేదు. చూపుతోనూ నమ్మకంగా చెప్పలేనని తనే అంది. అందుకని వంటకు వాడే థర్మామీటర్ కొనుక్కుంది. స్కూల్లో హోమ్ ఎకనామిక్స్ టీచర్‌ను అడిగి వచ్చి ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అతికించింది. ముక్కగా ఉన్న మాంసానికి క్రిములు పైనే ఉంటాయి, కాల్చితే పోతాయి. ఖైమా కొడితే పైనున్నది లోపలికంతా కలిసిపోతుంది, కాబట్టి ఎక్కడా ఎరుపు మిగలకుండా లోపలిదాకా ఉడకాలి. మూడు చోట్ల గుచ్చి చూడాలి, మూడు చోట్లా డెబ్బై అయిదు డిగ్రీలు దాటాలి. మిగిలింది వెడల్పాటి పళ్ళెంలో చల్లార్చి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి.

వారం ముందు ఒకసారి సాధన కూడా చేసింది. మాంసం కొట్టుకు నేనే కారులో తీసుకెళ్ళాను. కొట్టాయన ఎంత కావాలని అడిగితే, ముందు ఇది ఈరోజు కొట్టిందేనా అని అడిగింది. ఆయన నవ్వి, నీ కళ్ళ ముందే కొడతానన్నాడు. ఆ మాంసాన్ని చల్లటి సంచిలో పెట్టుకుని దారిలో ఎక్కడా ఆగనివ్వలేదు. నేను పెట్రోలు పోయించుకుంటానంటే ఒప్పుకోలేదు. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో అన్నిటికన్నా కింది అరలో, అంచులున్న పళ్ళెంలో పెట్టింది. బాణలిలో ఒక్కసారిగా కుమ్మరించకుండా కొంచెం కొంచెంగా వేసి, గడ్డలు విడగొడుతూ వేయించింది. ఆ వంట మా పక్కింటి పెద్దావిడకు పంపాం. ఎనభై దాటిన ఆవిడ గిన్నె కడిగి తిరిగిస్తూ "గ్రాండ్" అంది, ఇక్కడ బాగుందనడానికి ఆ మాటే. ఆ గిన్నె పట్టుకుని అమ్మాయి ఇంట్లోకి వచ్చిన నడక నాకింకా గుర్తుంది.

నా ఉద్యోగం గురించి కూడా చెప్పాలి, లేకపోతే నా తప్పు ఎంతటిదో అర్థం కాదు. కంప్యూటర్ చిప్పులు తయారుచేసే చోట పని చేస్తాను. తల నుంచి పాదాల దాకా తెల్లటి దుస్తులు వేసుకుని, కళ్ళు తప్ప ఏమీ కనిపించకుండా లోపలికి వెళ్ళే గది అది. అక్కడ ఒక ధూళి కణం పడకూడనిచోట పడితే, అది ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి పట్టుకోవడం నా పని. ఇరవై ఏళ్ళుగా అదే చేస్తున్నాను.

ఇక ఇంట్లో మాంసం కడగడం కూడా నా పనే. మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆదివారం చికెన్ గానీ మటన్ గానీ రాగానే ఉప్పు, పసుపు వేసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా నాలుగైదుసార్లు కడుగుతాను. కడగని మాంసం పొయ్యి మీద పెట్టడమంటే నా దృష్టిలో స్నానం చేయకుండా పెళ్ళికి వెళ్ళడం లాంటిది. స్నేహితుల ఇళ్ళలో పదిమందికి వండాల్సి వస్తే కడగడానికి నన్ను పిలిచేవాళ్ళు. "బావగారు కడిగితే నీచువాసనే ఉండదు," అనేవాళ్ళు. అది నాకు గొప్ప.

ఆ గురువారం పిల్లలు ఏడు గంటలకు రావాలి. అయిదున్నరకు అమ్మాయి ప్రాక్టీసు నుంచి వచ్చి, సలాడ్ ఆకులు కడిగి, నీళ్ళు ఓడటానికి చిల్లుల గిన్నెలో వేసి సింకు పక్కన పెట్టి, స్నానానికి మేడ మీదికి వెళ్ళింది. మా ఆవిడ హాల్లో కుర్చీలు సర్దుతోంది. నేను ఫ్రిజ్ తెరిచాను. కింది అరలో ఖైమా. పళ్ళెంలో చుట్టూ ఎర్రటి నీరు.

నేను దాన్ని తినబోవడం లేదు. జీవితంలో ముట్టుకున్నది కూడా లేదు. అయినా మా ఇంటికి వచ్చిన పిల్లలకు ఆ నీళ్ళతోనే వండి పెడతారా అనిపించింది. ఖైమానంతా బియ్యం కడిగే జల్లెడలో వేసి, పసుపు చల్లి, కుళాయి పూర్తిగా తిప్పాను. ఖైమా కడగడం ముక్కలు కడిగినట్టు కాదు. నీటిధార దాని మీద పడి నాలుగు వైపులా చిమ్మింది. నా చొక్కా తడిసింది, కిటికీ అద్దం తడిసింది. మూడుసార్లు కడిగాను. చేతులతో పిండాను. చోటు చాలక, కడుగుతుండగా మధ్యలో, సలాడ్ ఆకుల గిన్నెను తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టి, పైన శుభ్రమైన గుడ్డ కూడా కప్పాను. నాకప్పుడు మంచి పని చేశాననే అనిపించింది.

అమ్మాయి కిందికి వచ్చి ఖైమా చూసింది.

"నాన్నా, ఇదేంటి ఇలా పాలిపోయి, తడిగా ఉంది?"

"కడిగానమ్మా. చూడు ఎంత శుభ్రంగా ఉందో."

"ఖైమా కడగకూడదు నాన్నా. ఆ నీళ్ళు చిమ్మితే క్రిములు అన్నిటి మీదా పడతాయి. చంపేది వేడి, నీళ్ళు కాదు. ఫ్రిజ్ మీద రాశాను కదా."

నిజమే, రాసింది. నేను ఆ కాగితం అందంగా ఉందని మెచ్చుకున్నాను గానీ చదవలేదు.

"నువ్వు పుట్టకముందు నుంచీ కడుగుతున్నాన్లే," అన్నాను.

తను వేడినీళ్ళు, సబ్బు, స్ప్రే తీసుకుని సింకు, గట్టు, కుళాయి, కిటికీ అద్దం అన్నీ తుడిచింది. తుడుస్తూ, తల తిప్పకుండానే అడిగింది.

"కడిగేటప్పుడు పక్కన ఏమన్నా ఉందా?"

"ఏమీ లేదు," అన్నాను.

ఆ రెండు మాటల గురించే ఈ నాలుగేళ్ళుగా ఆలోచిస్తున్నాను. గుర్తులేక అన్నానని చెప్పుకోవడానికి చాలాసార్లు ప్రయత్నించాను. గుర్తుంది. ఆకుల గిన్నె నా కళ్ళ ముందే, గుడ్డ కింద ఉంది. నా వంటింట్లో నా కూతురి చేత ఒకసారి తప్పు పట్టించుకున్నాను, రెండోసారి ఇష్టం లేకపోయింది. అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు. ఉందని చెప్పి ఉంటే తను ఆ ఆకులు చెత్తబుట్టలో వేసేది, నేను కారు తీసి పది నిమిషాల్లో వేరేవి తెచ్చేవాణ్ణి.

తడి ఖైమా ఒక పట్టాన వేగలేదు. తను ఓపిగ్గా నీరంతా ఇగిరేదాకా నిలబడి వేయించింది. సాస్‌లో వేసి ఉడికించాక మూడు చోట్ల గుచ్చి నాకు వినపడేట్టు చదివింది. ఎనభై రెండు, ఎనభై, ఎనభై ఒకటి. పదకొండు మంది ఆడపిల్లలు వచ్చారు. మా హాలు అంత గోలగా ఎప్పుడూ లేదు. గోల్‌కీపర్ అమ్మాయి రెండు ప్లేట్లు తిని, మూడోదానికి గిన్నె గీకింది. అందరూ వెళ్ళాక అమ్మాయి మిగిలింది పళ్ళెంలో పలచగా పరిచి, గడియారం చూసి ఫ్రిజ్‌లో పెట్టి, అప్పుడు కూర్చుంది. ఆ రోజు నాకు దాన్ని చూస్తే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. చెప్పనూ లేదు.

శుక్రవారం సాయంత్రం మొదట పడిపోయింది మా ఆవిడ. వాంతులు, జ్వరం. శనివారం పొద్దున్నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నలుగురు పిల్లలు మంచం పట్టారు. ఆదివారం ఆ నలుగురూ లేకుండా ఆడి, చిన్న తేడాతో ఫైనల్ ఓడిపోయారు. మైదానం పక్కన నా వెనకే నిలబడిన ఒక తండ్రి, వాళ్ళు తినరు కదా, ఎంతసేపు ఉడికించాలో ఎలా తెలుస్తుందని పక్కవాడితో అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నాకు వినపడిందని తెలిసి సర్దుకుని, నా భుజం తట్టాడు.

మర్నాడు అమ్మాయి స్కూల్లో ఉండగా ప్రజారోగ్య విభాగం నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. జబ్బు పడ్డ ఒక అమ్మాయికి వాళ్ళ డాక్టరు పరీక్ష చేయించారట, అందుకని అడుగుతున్నామంది. ఎవరినీ తప్పుపట్టడానికి కాదని రెండుసార్లు చెప్పింది. ఏమేం వండారు, ఎక్కడ కొన్నారు అంటూ వచ్చి, పచ్చి మాంసం కడిగారా అని అడిగింది. లేదన్నాను. పచ్చిగా తినేవి దాని దగ్గర ఏమైనా ఉన్నాయా అని అడిగింది. లేవన్నాను. థాంక్యూ చెప్పి పెట్టేసింది.

ఫోన్ పెట్టాక ఆఫీసులో చేసే పనే ఇంట్లో చేశాను. కాగితం తీసుకుని అడ్డగీతలు, నిలువుగీతలు గీసి, ఎవరు ఏం తిన్నారో రాశాను. మా ఆవిడ బీఫ్ వైపు కూడా చూడలేదు. మా కోసం వేరే గిన్నెలో చేసిన మాంసం లేని సాస్, సలాడ్ తింది. జబ్బు పడ్డ నలుగురూ సలాడ్ తిన్నవాళ్ళే. గోల్‌కీపర్ రెండు ప్లేట్ల మాంసం తింది, ఆకు ముట్టలేదు, ఆదివారం గుర్రంలా పరిగెత్తింది. నేను, అమ్మాయి పచ్చి ఆకులు తినం, ఇద్దరం బాగున్నాం. పది నిమిషాలు పట్టలేదు. ప్రయోగశాల రుజువు నా దగ్గర లేదు, కానీ ఇంతకన్నా తక్కువ ఆధారంతో ఆఫీసులో ఎన్నో రిపోర్టులు సంతకం చేశాను. ఆ కాగితం మడిచి పాస్‌పోర్టుల ఫైల్లో పెట్టాను.

ఆ వారంలోనే అమ్మాయి నాలుగు కార్డులు కొని, నలుగురి ఇళ్ళకూ వెళ్ళి సారీ చెప్పి వస్తానంది. తీసుకెళ్ళింది నేనే. నాలుగు ఇళ్ళ ముందూ కారు ఆపి, ఇంజను ఆపకుండా లోపల కూర్చున్నాను. తను గేటు తీసుకుని వెళ్ళి, తలుపు దగ్గర నిలబడి, కార్డు ఇచ్చి, తల వంచుకుని ఏదో చెప్పి వచ్చేది. నాలుగో ఇంటి నుంచి వచ్చాక, వాళ్ళందరూ మంచివాళ్ళని మాత్రం అంది.  నేను రేడియో పెట్టాను.

అంతటితో అయిపోతుందనుకున్నాను. కాలేదు. జట్టులో తనకు చెఫ్ అని పేరు పడింది. ప్రేమగానే పిలిచేవాళ్ళు, తనూ నవ్వేది. మన వాళ్ళ ఉగాది కలయికలో ఒక పెద్దాయన పులిహోర వడ్డించుకుంటూ, అందుకే పిల్లల్ని అదుపులో పెట్టుకోవాలంటారని నాతోనే అన్నాడు. నేనూ నవ్వి పులిహోర వడ్డించుకున్నాను. అమ్మాయి ఆ తర్వాత ఎవరికీ ఏమీ వండలేదు. తన పుట్టినరోజులకు పిజ్జా తెప్పించుకునేది. థర్మామీటర్ సొరుగులో పడి ఉంది.

ఇప్పుడు తనకు ఇరవై. డబ్లిన్‌లో చదువుకుంటూ ఇంటి నుంచే రైల్లో వెళ్ళివస్తుంది. పాత జట్టులోని మరో ఇద్దరితో కలిసి క్లబ్బులో చిన్న అమ్మాయిలకు ఆట నేర్పుతోంది. ఈ వేసవిలో ఆ పిల్లలు ఫైనల్‌కు వచ్చారు. మైదానంలో ఒక తల్లి మా అమ్మాయి దగ్గరకు వచ్చి, పాస్తా డిన్నర్ మీ ఇంట్లో పెడదామా అని అడిగింది. నేను పక్కనే నీళ్ళ సీసాలు పట్టుకుని ఉన్నాను.

"నా చేతి వంట వద్దండి," అంది మా అమ్మాయి నవ్వుతూ. "ఈసారి గెలవాలి కదా."

ఆ నవ్వు చూశాను. ఆ శనివారం పొద్దున ఫైలు తీసి కాగితాన్ని తన ముందు పెట్టాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆకుల గిన్నె, గుడ్డ, ఫోన్లో చెప్పిన అబద్ధం, అన్నీ.

తను ఒక్కో గీత మీద వేలు పెట్టి చదివింది.

"ఇది ఎప్పుడు రాశావు?"

"ఆ సోమవారమే."

"మరి నాలుగు ఇళ్ళకూ నువ్వే తీసుకెళ్ళావు."

"అవునమ్మా."

"థర్మామీటర్ తప్పు చూపించిందేమో అనుకున్నాను నాన్నా. మరిగే నీళ్ళలో పెట్టి చూసేదాన్ని. ఎన్నిసార్లు చూశానో తెలుసా? ప్రతిసారీ వంద చూపించేది. అయినా నమ్మలేదు."

నేను క్షమించమన్నాను. తను కాగితం తీసుకుని మేడ మీదికి వెళ్ళింది. మా ఆవిడకు అప్పుడే తెలిసింది. తను జబ్బు పడ్డందుకు ఏమీ అనలేదు గానీ, "ఆ కార్డులిచ్చిన రోజన్నా చెప్పాల్సింది కదండీ," అంది. నాకు అదే ఎక్కువ తగిలింది.  నాలుగో రోజు ఫ్రిజ్ మీద కొత్త కాగితం కనిపించింది. పాతదే మళ్ళీ రాసింది, అదే వరస. మధ్యలో ఒక పంక్తి కొత్తగా చేరింది. నాన్న సింకు దగ్గరకు రాకూడదు. అట్టడుగున డిన్నర్ గురువారమని రాసి, తినేముందు నువ్వే అందరికీ చెప్పాలని రాసింది.

ఈసారి చదివాను. రెండుసార్లు చదివాను.

గురువారం చిన్న పిల్లలు హాల్లో గోల చేస్తుంటే, పాత జట్టులోని ఆ ఇద్దరమ్మాయిలూ, చిన్న పిల్లల తల్లులు ముగ్గురూ వంటింట్లో చేరారు. ఆ ఇద్దరిలో ఒకరు అప్పుడు జబ్బు పడ్డ పిల్ల, రెండోది గోల్‌కీపర్. ఆకులు పొద్దున్నే కడిగి మూతపెట్టి ఫ్రిజ్‌లో పై అరలో ఉన్నాయి. పొయ్యి మీద సాస్ ఉడుకుతోంది. నేను సింకుకు దూరంగా, తలుపు దగ్గర నిలబడి చెప్పాను. మా అమ్మాయి వంటలో ఏ లోపం లేదని, మాంసం కడిగింది నేనని, తను పక్కన ఏముందని అడిగితే అబద్ధం చెప్పానని, తర్వాత ఫోన్లో అడిగిన ఆవిడకూ అదే చెప్పానని. 

ముందు మాట్లాడింది గోల్‌కీపర్.

"నేను అప్పుడే చెప్పాను. రెండు ప్లేట్లు తిన్నాను, నాకేం కాలేదని. ఎవరన్నా విన్నారా?"

జబ్బు పడిన పిల్ల నా వైపు కాదు, మా అమ్మాయి వైపు చూసింది. "మరి నువ్వు కార్డు ఎందుకు ఇచ్చావే?" అంది. మా అమ్మాయి భుజాలు ఎగరేసింది. ఆ పిల్ల వచ్చి దాని నడుము చుట్టూ చేయి వేసి నిలబడింది. కాసేపయ్యాక, ఈసారి సలాడ్ అంకుల్‌కే పెడదామని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నాకు పెట్టారు కూడా. జీవితంలో మొదటిసారి పచ్చి ఆకులు తిన్నాను.

మా అమ్మాయి చేసింది ఏమిటో మన వాళ్ళకు తెలియాలనే ఇది రాశాను. తను తినని దాన్ని, రుచి చూడలేని దాన్ని, అడిగి, నేర్చుకుని, కొలిచి, పదకొండు మందికి ఏ హానీ లేకుండా వండింది. తప్పు తనది కాకపోయినా నాలుగు గుమ్మాలు ఎక్కింది. ఈ కథ ఎక్కడన్నా చెప్పుకుంటే ఇకనుంచి ఇలా చెప్పుకోండి.

ఈసారి డిన్నర్‌లో వడ్డించే ముందు తను థర్మామీటర్ నా చేతికి ఇచ్చింది. బాణలి మధ్యలో గుచ్చాను. అంకెలు పైకి ఎక్కి ఆగేదాకా చూసి, ఎనభై ఒకటి అని గట్టిగా చదివాను.

"ఇంకో రెండు చోట్ల చూడు," అంది.

చూశాను.